లోతెరుగని నీటిలో నేలబారు కారు

వరి నారు, కొబ్బరి యెరువు, పశువుల మేత మొదలగు విషయములు వ్రాయవలసిన యీ పత్రికలో స్పోర్ట్సు కారు మాట యేల యని సభ్యులు కొందరు నవ్వవచ్చును. మన రైతునకు కావలసినది ట్రాక్టరు గాని, నేలకు బెత్తెడెత్తున ప్రాకుచు పోవు ఇద్దరు మనుష్యుల బండి కాదు. అయినను ఈ విషయమును వ్రాయక తప్పలేదు. పెండ్లిండ్లకును, పండుగలకును, సెలవులకును హైదరాబాదు నుండి, బెంగుళూరు నుండి మన పిల్లలును మేనల్లుండ్రును అల్లుండ్రును కార్లలో వచ్చుచున్నారు. వానిలో ఎత్తు తక్కువ గల కార్లును కొన్ని కానవచ్చుచున్నవి. దిండిలోని పర్యాటక విడిదికిని, గోదావరిమీది పడవ యిండ్లకును వచ్చు పొరుగూరివారును అట్టి బండ్లపై వచ్చుట కలదు. వాన కురిసి దారి మునిగినపుడు వారు కారు అద్దమును దింపి, గట్టుమీద నిలిచియున్న రైతునే అడుగుదురు: "ఏమండీ, లోతెంతుంటుందండీ? వెళ్లొచ్చాండీ?"

ఆ ప్రశ్నకు మనమిచ్చు జవాబుపై ఒకరి యిద్దరి ప్రాణములు ఆధారపడి యుండును. కావున ఈ వ్యాసము కారు నడుపువానికెంత ముఖ్యమో, గట్టుమీద నిలిచి జవాబు చెప్పువానికిని అంత ముఖ్యము.

మేము చెప్పిన తప్పు జవాబు

కొంతకాలము క్రిందట, వానకాలమున ఒకనాటి ప్రాతఃకాలమందు మేము దిండి చెంత ఒక సభ్యుని కొబ్బరి తోటలో పని చూచుకొని మురుగు కాలువ గట్టున వచ్చుచుంటిమి. రాత్రియంతయు వాన కురిసెను. పుంత రోడ్డు కాలువ ప్రక్కన పల్లమునకు దిగుచోట నలుబది గజముల పొడవున నీరు నిలిచియుండెను. అంతకు గంట ముందే మేము ఆ నీటిని కాలినడకను దాటి వచ్చితిమి. మా కన్నులయెదుటనే ఒక ట్రాక్టరు కూడ దాటిపోయెను.

అప్పుడు ఎఱ్ఱని కారొకటి వచ్చి ఆగెను. నడుపువాడు ఆ యూరివారి మేనల్లుడు, పట్టణములో ఉద్యోగము చేయుచున్న యువకుడు. ప్రక్కన అరువదేండ్లు దాటిన ఆతని తల్లిగారు కూర్చుండియుండిరి. ఆతడు మమ్ము లోతెంత యని అడిగెను. మేము "మోకాలు దాకా కూడ లేదు బాబూ, మెల్లగా పోనీ" అంటిమి.

మా మాట అబద్ధము కాదు. నీరు మా మోకాలికి క్రిందనే యుండెను. కాని మేము చెప్పినది మా కాలి కొలత. ఆతనికి కావలసినది కారు కొలత. నడుమకు పోవునప్పటికి కారు ముందు నీరు అలవలె లేచి మూతిపైకి వచ్చెను. ఇంజను ఆగెను. ఆతడు కంగారుపడి మీటను మరల నొక్కెను. లోపల ఇనుము విరిగినట్లు ఒక చప్పుడయ్యెను; అటుపిమ్మట బండి పలుకలేదు. నీరు తలుపు సందులనుండి లోనికి వచ్చి ఆ తల్లిగారి కాళ్లను ముంచెను. మేమును ఇద్దరు కూలీలును నీటిలో దిగి, తలుపు లాగి, ఆమెను చేతులమీద గట్టునకు చేర్చితిమి. ఇంజను మరమ్మతునకు ఆ కుటుంబమునకు అయిన వ్యయము ఒక రైతు పంట సొమ్మునకు తక్కువ గాదు.

ఆనాడు నీరు నిలిచియుండెను గనుక మనుష్యులు దక్కిరి. అదే నీరు గట్టును దాటి కాలువలోనికి పారుచుండినయెడల ఏమి యగునో తలచుకొని మేము కొన్ని రాత్రులు నిద్రపోలేదు. కావున ఈ విషయమును శ్రద్ధతో విచారించి తెలిసికొని, తెలిసినదానిని సభ్యులయెదుట ఉంచుచున్నాము.

కారునకు గల కొలతలు

మొదటి కొలత కడుపు ఎత్తు. ట్రాక్టరు అడుగు భాగము నేలకు సుమారు అడుగుకు పైగా ఎత్తున ఉండును. మన దేశములో తిరుగు సామాన్యమైన చిన్న కారు అడుగు ఆరున్నర, ఏడు అంగుళముల యెత్తున, అనగా జానకు కొంత తక్కువగా ఉండును. స్పోర్ట్సు కారునకో నాలుగు ఐదు అంగుళములే, అనగా బెత్తెడున్నర. మోకాలు నేలకు పదునెనిమిది అంగుళముల పైమాటయే. కావున "మోకాలికి తక్కువ" అను మాటకు ఆ కారు విషయమున అర్థమే లేదు. మోకాలిలో సగము నీరు కూడ దాని కడుపును ముంచివేయును.

రెండవది ముక్కు ఎత్తు. ఇంజను గాలిని పీల్చుకొనవలెను. ఎత్తు తక్కువ కార్లలో గాలి పీల్చు గొట్టము తరచుగా ముందు భాగమున, చాల క్రిందుగా ఉండును. నీటిమట్టము దానికి క్రిందుగానే యున్నను, బండి వేగముగా పోవునపుడు లేచు అల దానిలోనికి దూకును.

నీరు లోపలికి పోయిన ఏమగునో డీజిలు ఇంజనుతో చేలకు నీరు తోడు రైతునకు సులభముగా బోధపడును. సిలిండరులో గాలి యున్నచో పిస్టను దానిని అదిమి చిన్నది చేయగలదు. నీరు అట్లు అదుమబడదు. పైకి వచ్చు పిస్టను నీటికి కొట్టుకొని ఆగును. వెనుక నున్న బలము ఆగదు. నడుమనున్న కనెక్టింగు రాడ్డు వంగును లేక విరుగును. చేలో ఇంజను హ్యాండిలు బిగిసినచో మనము బలవంతముగా త్రిప్పక, ఆపి, విప్పి చూతుము గదా! కారులో హ్యాండిలు లేదు. వ్రేలితో నొక్కు మీట కలదు. బిగువు చేతికి తెలియదు. కావుననే నీటిలో ఆగిన ఇంజనును మరల త్రిప్పరాదు అనునది ఈ వ్యాసములో మొట్టమొదట జ్ఞాపకముంచుకొనవలసిన మాట. ఆగుటవలన కలుగు నష్టము కొంచెము. మరల త్రిప్పుటవలన కలుగు నష్టము ఇంజనంతయు. పైగా సామాన్య బీమా పత్రములో ఇట్లు త్రిప్పుటచే కలిగిన నష్టమునకు, ఇంజను రక్షణకై ప్రత్యేకముగా రుసుము కట్టినగాని, సాధారణముగా సొమ్ము రాదు.

మూడవది బరువు. ఇది ప్రాణమునకు సంబంధించినది. పడవ యెంత నీటిని ప్రక్కకు త్రోయునో అంత బరువును నీరు మోయునని దిండి రేవులో పెరిగినవారికి చెప్పనక్కరలేదు. కారు కూడ తలుపులు మూసిన పెట్టె వంటిదే. మనుష్యులు కూర్చుండు భాగమును, వెనుకటి సామానుల భాగమును కలిపి మూడు మీటర్ల పొడవు, 1.4 మీటర్ల వెడల్పు అనుకొందము. అడుగు వైశాల్యము 4.2 చదరపు మీటర్లగును. ఘనపు మీటరు నీరు 1000 కిలోలు తూగును. నీరు ఆ అడుగుకు 15 సెంటీమీటర్లు పైకి లేచినచో కారు 630 కిలోల నీటిని ప్రక్కకు త్రోయును. కారు బరువు 1050 కిలోలైనచో ఇక చక్రములమీద మిగులునది 420 కిలోలే. అనగా ఐదు పాళ్లలో మూడు పాళ్లు నీరే మోయుచున్నది. కడుపు నేలకు 12 సెంటీమీటర్ల యెత్తున నున్న కారునకు ఇది అడుగు లోతునకు తక్కువ నీటిలోనే జరుగును. పైకి కారు రోడ్డుమీద నున్నట్లే కానవచ్చును. నిజముగా అది సగము పడవయై యున్నది. తెడ్డు లేదు, గెడ లేదు, చుక్కాని లేదు. లోపల నున్నవానికి ఆ సంగతి తెలియదు. నీరు లోనికి చొచ్చినకొలది తేలుట కొంత తగ్గును గాని, చొచ్చుటకు కాలము పట్టును. పారు నీరు అంతవరకు ఆగదు.

మన ప్రాంతపు మూడు నీళ్లు

దారిమీది నీరంతయు ఒక్క తీరు కాదు. దిండి ప్రాంతమున మూడు విధముల నీరు కలదు. కారు నడుపువాడు పరదేశి. వానికి ఈ భేదము తెలియదు. మనకు తెలియును గనుక మనమే చెప్పవలెను.

మొదటిది వాన నీరు. పల్లమున చేరి నిలుచును. దీనిలో లోతు, అడుగున గోతులు, గట్టు అంచు అనునవే భయములు.

రెండవది పోటు నీరు. వసిష్ఠ గోదావరి అంతర్వేది వద్ద సముద్రమున కలియును. ఆ సముద్రపు పోటు దిండి వరకును వచ్చును. పోటు సమయమున మురుగు కాలువల నీరు నదిలోనికి దిగక వెనుకకు తన్ని, రోడ్డు పల్లములకు ఎక్కును. మన తీరమున దినమునకు రెండు మారులు పోటును రెండు మారులు పాటును వచ్చుచుండుటచే, పోటునుండి పాటునకు సుమారు ఆరు గంటలు పట్టును. వాన వెలసియున్నచో అట్టి నీటికి ఓపికయే మందు. కాఫీ త్రాగి, భోజనము చేసి, కొంతసేపు విశ్రమించి వచ్చునప్పటికి నీరు దిగి యుండవచ్చును. ఇది ఉప్పు కలిసిన నీరు గనుక, తగిలిన బండిని ఆ దినమే మంచి నీటితో, ముఖ్యముగా అడుగు భాగమును, కడుగవలెను. లేనిచో ఇనుము త్రుప్పుపట్టును.

మూడవది గోదావరి వరద. ఇది పారు నీరు. ఓపికకు లోబడదు, లెక్కకు లోబడదు. 1986 ఆగస్టులో భద్రాచలము వద్ద గోదావరి 75.6 అడుగులకు లేచెను. 2022 జూలైలో 71.3 అడుగులకు లేచెను. ఆ రెండు వరదలును మన లంకలు మరువలేదు. ధవళేశ్వరము ఆనకట్ట వద్ద నీటిమట్టము 11.75 అడుగులైనపుడు మొదటి హెచ్చరికయు, 13.75 అడుగులకు రెండవదియు, 17.75 అడుగులకు మూడవదియు ఇయ్యబడును. కనకాయలంక, అప్పనపల్లి ప్రాంతములందలి కాజ్‌వేలు వరదలలో మునుగుట మనమెరిగినదే. హెచ్చరిక వచ్చిన దినములలో లంక దారులకును కాజ్‌వేలకును కారు త్రిప్పరాదు. ఫోనులోని పటము దారిని చూపును గాని, దారిమీది నీటిని చూపుననుకొనరాదు.

నిలిచిన నీటిని దాటు విధము

వేరు దారి యున్నచో, అది పది మైళ్ల చుట్టైనను, అదే మంచి దారి. లేనిచో ఈ క్రమమున చేయవలెను.

1. నీటి అంచున ఆగి, ఒక ఆకునో కొబ్బరి పీచునో నీటిమీద వేసి చూడవలెను. అది నిలిచియున్నచో నిలిచిన నీరు. ప్రక్కకు సాగినచో పారు నీరు. అంతటితో ప్రయత్నము మానవలెను.

2. ఒక కఱ్ఱకు కారు కడుపు ఎత్తున గీత పెట్టవలెను. దారి నెరిగిన మనిషి కాలికి చెప్పులు తొడిగి, కఱ్ఱను ముందు ఆనించుచు నడువవలెను. రోడ్డు నడుమ మాత్రము కొలిచిన చాలదు. నడుమ ఎప్పుడును మెట్టగా నుండును. రెండు చక్రములు పోవు రెండు చాళ్లను కొలువవలెను. ఎక్కడనైనను నీరు గీతను ముట్టినచో ఆ కారు దాటరాదు. స్పోర్ట్సు కారునకు బెత్తెడు నీరే మేర యని మొత్తముమీద జ్ఞాపకముంచుకొనవచ్చును. విద్యుత్తు తీగలు తెగి పడినచోట ఎవ్వరును నీటిలో కాలు పెట్టరాదు.

3. ఒకమారు ఒక్క బండియే దాటవలెను. ఎదుటనుండి వచ్చు ట్రాక్టరు ఇంకొక బెత్తెడు ఎత్తు అలను లేపును. ఆ అలయే చిన్న కారును ముంచుటకు చాలును. కావున ట్రాక్టరు నడుపు సోదరులు కారు దాటువరకు గట్టుననే ఆగవలెనని ప్రత్యేకముగా కోరుచున్నాము.

4. మొదటి గేరులో, మనిషి నడక వేగమున, నడుమ ఆగక, గేరు మార్చక, ఇంజను వేగము తగ్గనీయక పోవలెను. త్వరపడినచో ముందు అల లేచును. ఎదురు అంచు నెక్కిన తరువాత బ్రేకును రెండు మూడు మారులు మెల్లగా నొక్కి ఆరబెట్టవలెను. తడిసిన బ్రేకు మొదట పట్టదు. గట్టెక్కితిమను సంతోషముతో వేగము పెంచినవాడు తరువాతి మలుపులో కాలువలో పడును.

5. రాత్రివేళ ఈ ప్రయత్నమే వలదు. దీపపు వెలుతురులో నీరును, తారు రోడ్డును, కాలువయు ఒకే నలుపుగా కానవచ్చును. మన దారులు అనేకము కాలువ గట్లమీద నడచుచున్నవి. ఒక ప్రక్క కొబ్బరి చెట్ల వరుస దారి జాడ చూపినను, రెండవ ప్రక్క కాలువ యంచు నీటిక్రింద దాగియుండును. అంచు మట్టి నాని మెత్తనై యుండును గనుక చక్రము ఒక్కమారు దిగినచో బండి ఒరిగిపోవును.

విద్యుత్తుతో నడుచు కార్లకు గాలి గొట్టము లేకున్నను, తేలుట, కొట్టుకొనిపోవుట అనునవి వానికిని సమానమే. నీట మునిగిన అట్టి కారును ఎవ్వరును విప్పి చూడరాదు. తయారుచేసినవారి మనిషియే చూడవలెను.

పారు నీటిని దాటరాదు

ఈ విషయమున షరతులు లేవు. 2016లో ఆస్ట్రేలియా దేశమున సిడ్నీ నగరములో న్యూ సౌత్ వేల్సు విశ్వవిద్యాలయపు జల పరిశోధనశాలవారు నిజమైన కార్లను నీటిలో నిలిపి పరీక్షించిరి. సెకనుకు ఒక మీటరు చొప్పున, అనగా మనిషి మెల్లని నడక వేగమున పారు నీటిలో, 1.05 టన్నుల చిన్న కారు 15 సెంటీమీటర్ల లోతునకే కదలిపోయెను. 60 సెంటీమీటర్ల లోతున పూర్తిగా తేలెను. రెండున్నర టన్నుల బరువుగల పెద్ద బండియు 45 సెంటీమీటర్ల లోతున నిలుకడ తప్పి, 95 సెంటీమీటర్ల లోతున తేలెను. మరల ఒక సంగతి: నీటి వేగము రెండింతలైనచో అది త్రోయు బలము నాలుగింతలగును. 15 సెంటీమీటర్లనగా ఆరు అంగుళములు. ఆరు అంగుళముల నీటిలో మన పిల్లలు కాగితపు పడవలు వదలి ఆడుకొందురు. ఆ నీరే కారును కదల్చగలదని చూచినవాడు గాని నమ్మడు. చూచువరకు ఆగక నమ్ముట మేలు.

నీరులేని చోట నీటి భయము

నీరు నిలువని మంచి రోడ్డుమీద కూడ స్పోర్ట్సు కారునకు వాన శత్రువు. చించినాడ వంతెన దాటి దిండిమీదుగా రాజోలు, అమలాపురముల వైపు పోవు 216వ జాతీయ రహదారి నున్నగా నుండును. చేతికి వేగము వచ్చును. రోడ్డుమీద పలుచని నీటి పొర యున్నపుడు టైరు ఆ నీటిని తన గాళ్లనుండి బయటికి త్రోసిననే నేలను పట్టగలదు. వేగము హెచ్చినచో త్రోయుటకు వ్యవధి చాలక, టైరు నీటి పొరపైకెక్కి జారును. నాగలి కఱ్ఱు సన్నము గనుక నేలలోనికి దిగును. దమ్ములో చదును చేయు బల్ల వెడల్పు గనుక బురదపై జారును. స్పోర్ట్సు కారు టైరు వెడల్పు, బండి తేలిక. అనగా అది చదును బల్లవంటిది.

1960ల దశకమున అమెరికాలో నాసా సంస్థవారు విమానపు చక్రములతో చేసిన పరీక్షల వలన ఏర్పడిన లెక్క ప్రకారము, 32 పౌండ్ల గాలి గల టైరు, గాళ్లు చాలనంత నీరు రోడ్డుపై నున్నపుడు, గంటకు 90 కిలోమీటర్లు దాటిన కొలదికాలములోనే పూర్తిగా నీటిపై తేలును. గాలి తగ్గినచో అంతకు తక్కువ వేగముననే తేలును. పట్టు సడలుట ఇంకను ముందే మొదలగును. కావున గట్టి వానలో 60కి మించరాదు. టైరు గాళ్ల లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గినచో మన చట్టము ప్రకారమే ఆ టైరు పనికిరాదు. వానకాలమునకు దానికి రెండింతలు ఉండుట మంచిది. స్టీరింగు హఠాత్తుగా తేలికయైనచో బండి తేలినదని గుర్తు. అప్పుడు బ్రేకును తన్నరాదు, చక్రమును త్రిప్పరాదు. వేగపు మీటనుండి కాలు మెల్లగా తీసి, స్టీరింగును తిన్నగా పట్టుకొనవలెను. వేగము తగ్గగానే టైరు నేలను పట్టును.

బండి నీటిలో చిక్కినచో

మొదట మనుష్యులు, తరువాత బండి. విద్యుత్తు పనిచేయుచుండగనే అద్దములను దింపవలెను. నడుము పట్టీని విప్పవలెను. తలుపునకు వెలుపల అర మీటరు ఎత్తు నీరున్నచో, మీటరు వెడల్పుగల తలుపుపై సుమారు 125 కిలోల ఒత్తిడి ఉండును. లోపలినుండి ఆడువారును పిల్లలును దానిని నెట్టలేరు. అద్దము దిగనిచో ప్రక్క అద్దపు మూలను కొనతేలిన ఇనుపముక్కతో కొట్టవలెను. ముందు అద్దము పొరలు కలిపి చేసినది. అది పగిలినను విడిపోదు గనుక దానితో పెనుగులాడరాదు. బయటకు వచ్చి, లోతు తక్కువ వైపునకు పోవలెను. నీరు పెరుగుచున్నచో 112కు ఫోను చేయవలెను, గాయపడినవారున్నచో 108కి.

పారు నీటిలో మనవారెవ్వరును త్రాడు లేక ఒంటరిగా దిగరాదు. రక్షింపబోయి మునిగినవాడు ఇంకొక ఆపదయగును.

నిలిచిన నీటిలో చిక్కిన బండిని ట్రాక్టరుతో లాగునపుడు బంపరుకు మోకు కట్టరాదు, ఊడివచ్చును. ఎత్తు తక్కువ కార్లలో లాగు కొక్కెము సామానుల భాగమున పనిముట్లతో కలిసి యుండును. బంపరుపై చిన్న మూతను తీసి దానిని మరతో బిగింపవలెను. గేరును న్యూట్రలులో నుంచి, చేతి బ్రేకును విడిచి, స్టీరింగు తాళమును తీసి, ట్రాక్టరును తక్కువ గేరులో మెల్లగా నడుపవలెను. మోకు తెగినచో కొరడావలె కొట్టును గనుక చూడవచ్చినవారు దాని నిడివిలో నిలువరాదు. గట్టెక్కిన తరువాత "ఒక్కసారి స్టార్టు చేసి చూడు" అని చెప్పుటకు పదిమంది యుందురు. వారి మాట వినరాదు. మెకానికు వచ్చి చూచువరకు మీటను ముట్టరాదు.

సంఘముగా మనము చేయదగినది

ఇది ఖర్చు తక్కువ పని. ప్రతి గ్రామమునను వానకు ముందుగా, నీరు నిలుచు పల్లములందు రోడ్డునకు ఇరుప్రక్కల వెదురు బొంగులు పాతవలెను. రోడ్డు మట్టమునుండి నాలుగు అంగుళముల యెత్తున ఒక తెల్లని గీతయు, ఏడు అంగుళముల యెత్తున ఒక ఎఱ్ఱని గీతయు పెట్టవలెను. తెల్లని గీత మునిగినచో ఎత్తు తక్కువ కార్లు ఆగవలెను; ఎఱ్ఱని గీత మునిగినచో ఏ కారును దిగరాదు. బొంగుల వరుస రోడ్డు అంచును కూడ చూపును. గీతలను పంచాయతీ కార్యాలయమునకు తెలిపి వారి సమ్మతితో పెట్టుట ఉచితము. ఒక్కొక్క పల్లమునకు ఆరు బొంగులు, డబ్బాలో మిగిలిన రంగు, ఇద్దరి అరపూట పని చాలును.

అంతకంటెను తక్కువ ఖర్చైనది మన మాట. "ఏమీ కాదు, పోనీ" అనుట మన యూరి మర్యాద. అతిథిని నిరాశపరచుట మనకు చేతగాదు. కాని నీటి అంచున ఆ మర్యాద పనికిరాదు. అడిగినవానిని మొదట "మీ కారు కడుపు ఎత్తెంత?" అని మనము తిరిగి అడుగవలెను. తెలియనిచో "తెలియదు, ఆగండి" అని చెప్పవలెను. తెలియదనుటలో అవమానము లేదు. అట్లు చెప్పనందుననే మాకు అవమానము కలిగెను.

ఆ యువకుడు అటుపిమ్మట కార్తికమాసపు వానలలో మరల వచ్చెను. పుంత వరకు రాలేదు. రహదారి ప్రక్కన మెట్ట చూచి కారు నిలిపి, తన మేనమామగారికి ఫోను చేసెను: "ఇక్కడే ఆపేశానండి మామయ్యా, అమ్మని ట్రాక్టరు మీద తీసుకెళ్తారా?" ఆ పెద్దమనిషి "ఆయ్, వస్తన్నా" అని తొట్టిలో గడ్డి పరచి, పైన పట్టా కప్పి తానే తోలుకొనిపోయెను. ఆ తల్లిగారు ట్రాక్టరు దిగునపుడు మమ్ము చూచి, "ఇవాళ నీళ్లు ఎంత లోతున్నాయండీ?" అని అడిగిరి. మేము కఱ్ఱతో కొలిచి తొమ్మిది అంగుళములని చెప్పితిమి.